వరుస తప్పిన ప్రశ్నలు

ఎల్లారెడ్డిలో ఒక తల్లి జొన్నలు చెరుగుతూ, ఉర్దూ బడిలో నాలుగో తరగతి చదివే కూతురిని ప్రశ్నలు అడుగుతోంది. రేపు బడి తనిఖీకి వచ్చే సాబు ముందు జవాబులు సరిగా చెబితేనే పిల్లను కామారెడ్డిలో పెద్ద బడికి పంపుతానని తండ్రి ఖరాఖండిగా చెప్పాడు.

"అన్నిటికంటె ఎత్తు కొండలు ఏవి?"

"షాజహాన్."

"ఏందీ? సరే, తాజ్‌మహల్ ఎవలు కట్టిచ్చిన్రు?"

"మంజీర నది."

"నది కట్టిచ్చిందా? నిజాంసాగర్ ఏ నది మీదున్నది?"

"హిమాలయాలు."

తల్లి చేటను ఠపీమని కింద పెట్టింది.

"పొద్దుగాల గడగడ చెప్తివి గదనే!"

"పొద్దుగాల వరుసగ అడిగినవ్. మా పంతులు గట్లనే చెప్పిచ్చిండు. మొదటిదానికి షాజహాన్, రెండోదానికి మంజీర, మూడోదానికి హిమాలయాలు."

"రేపు సాబు మీ పంతులు వరుసల్నే అడుగుతడా? ప్రశ్న ఇనవా నువ్వు?"

"నువ్వే పంతులు రాసిచ్చిన కాగితం చూసి వరుసగ అడుగరాదు అవ్వా!"

"నాకు ఉర్దూ చదువ యాడొస్తది? నెల దినాల సంది నువ్వు ఒర్రుతుంటే ఇని నేర్సుకున్న."

"ప్రశ్నలన్నీనా?"

"జవాబులు గూడ."

"అయితే పరీక్షకు నువ్వే పో!"

తల్లికి చెయ్యి లేవబోయింది. లేవకుండా ఒళ్లో పెట్టుకుంది.

"పోదును బిడ్డా. నన్ను మూడో తరగతిల తెలుగు బడి మాన్పిచ్చిన్రు. చదువుకుంటవా అని అప్పుడు నన్ను ఒక్కలు అడుగలే. నిన్ను రేపు అడుగుతుండ్రు."

పిల్ల కింద ఉన్న చేట తీసి తల్లి చేతికిచ్చింది.

"అవ్వా... నడిమిట్లకెల్లి అడుగు."