గోడ కింద నుయ్యి

ఆ గోడ సంగతా బాబూ? నూతి మీంచి గోడేవిటని అందరూ అడుగుతారులే. ఇలా నీడలోకొచ్చి కూచో. అది కోర్టువారు కట్టించిన గోడ, ఆయ్. ఆ ఇంట్లో కనకరాజు, రమణీ అని మొగుడూ పెళ్ళాలుండేవారు. స్థలం ఆ పిల్ల పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చింది, ఇల్లు ఇతగాడు కట్టింది. పిల్లల్లేరు. ఎందుకు చెడిందో నన్నడక్కు, పక్కింటిదాన్నయినా నాకూ తెలీదు. విడాకులొచ్చేయి గానీ ఇల్లు మాత్రం ఇద్దరూ వదల్లేదు. "చస్తే గుమ్మం దిగను" అని ఆవిడ, "ఇటిక మీద ఇటిక పేర్చింది నేను, మొత్తం నాదే" అని ఇతను. అమలాపురం కోర్టు చుట్టూ ఏళ్ళకేళ్ళు తిరిగేరు. ఒకే బస్సులో వెళ్ళేవారు, ముందు సీట్లో ఆవిడా, వెనక సీట్లో ఇతనూ! నవ్వొస్తుంది గదా. ఆఖరికి కోర్టువారు పంపిన కమీషనరని ఓ కుర్ర ప్లీడరు టేపు పట్టుకొచ్చేడు. తూర్పు సగం ఆవిడకి, పడమర సగం ఇతనికి. పెరట్లో నుయ్యి సరిగ్గా గీత మీదకొచ్చింది. "నుయ్యొదిలెయ్యండి బాబూ, ఇద్దరూ తోడుకుంటారు" అన్నాన్నేను. వింటేనా? నూతి మీద అడ్డంగా దూలం వేయించి గోడ లేపించేరు. అటో గిలక, ఇటో గిలక. అడుగున నీళ్ళు మాత్రం ఒకటే.

ఇహ మాటా లేదు, మొహం చూసుకునే పనీ లేదు. బొక్కెనలే అడుగున తగులుకునేవి. ఆవిడ తాడేస్తే ఇతనాగేవాడు, ఇతనేస్తే ఆవిడాగేది. ఆ మర్యాదేదో కాపరంలో చూపించుంటే కోర్టెందుకు చెప్పు!

తొంభయ్యారు తుపానొచ్చింది గదా, కొబ్బరిచెట్టు మీద పడి రమణి పోయింది. వాళ్ళ తమ్ముడు అటు సగానికి తాళం వేసేసేడు. కొన్నేళ్ళకి కనకరాజు బిందె పట్టుకుని మా ఇంటికొచ్చేడు. "నీ నుయ్యేవైందిరా?" అన్నాను. "ఆవిడ తోడుకుంటందండి, అత్తయ్యగారూ" అన్నాడు. పట్టపగలు బాబూ! "నేను తాడెయ్యగానే అటు తాడు దిగుతందండి. నా బొక్కెనకి తగుల్తంది. నేనాగితే తనూ ఆగుతంది" అన్నాడు. ఆ తమ్ముణ్ణి పిలిపించి తాళం తీయించేం. అటు గిలక నిండా సాలీడు గూళ్ళు, తాడు చీకిపోయి ముట్టుకుంటే రాలిపోతోంది. "చూసేరా బావగారూ, ఎవరూ లేరు. పోనీ ఈ సగం కూడా మీరే తీసేసుకోండి, రాసిచ్చేస్తాను" అన్నాడతను. అన్నేళ్ళు కొట్టుకున్నది దానికే గదా! కనకరాజు తల అడ్డంగా ఊపేడు. "వద్దు. ఆవిడది ఆవిడకే ఉండనీ. నా వాటా నీళ్ళు కూడా ఆవిడకే వదిలేసేను" అన్నాడు. అక్కణ్ణించి మా బోరింగు నీళ్ళే తాగేడు, పిచ్చినాగన్న.

పోయేరోజు మాత్రం నా చెయ్యట్టుకుని "అత్తయ్యగారూ, ఒక్క గుక్క మా నూతి నీళ్ళు" అన్నాడు. కాదంటానా? మా తాడూ బొక్కెనా పట్టుకెళ్ళి ఇటు గిలక మీంచి వేసేను. బొక్కెన నీళ్ళ మీద తేలుద్ది గదా, తాడు ఇలా జాడించి వంచితేనే మునుగుద్ది. నేనింకా జాడించలేదు బాబూ. దానంతటదే వంగింది. నిండింది. లాగుతుంటే బరువే లేదు, కిందనించి ఎవరో చెయ్యేసినట్టు. ఆ నీళ్ళే వాడి నోట్లో పోసేను. రెండు గుక్కలు మింగి, "ఆవిడ నాకోసం ఆగింది" అన్నాడు. అంతే.

ఎండిటు తిరిగింది, కాస్త జరుగు.