పూజలోంచి లేపిన తుపాకి

చింతమాను కిందున్న నీళ్లబాయి సంగతి నాకు ముందుగా చెప్పింది మా మేనత్త సుంకులమ్మ. ఇంకెవరి నోటనైనా వినుంటే అది మరిచిపోయి ఇది వినండి. మద్దిలేటి అల్లుడు ఎర్రన్న కూడా వచ్చినట్టుంది, ముందుకొచ్చి కూర్చో నాయనా, వినాల్సింది నువ్వే.

పొద్దు గూకినాక ఆ బాయి పక్కకు ఎవరూ పోరు, ఎనుము తప్పిపోయి ఆడికి చేరినా తెల్లారిందాకా ఉండనీలే అంటారు. ఎందుకంటే అందులో మా నాయన తుపాకి ఉంది, అది మనిషిని తినిందంట, బాయిలో గర గర అని గీరుకునేది అదేనంట, ఇంకొకని కోసం తూటా ఎక్కించుకుంటాందంట. ఎవడయ్యా అనింది? మా నాయన ఓబన్న కొట్టిన పందికూర తినని ఇల్లు ఈ ఊళ్లో ఒక్కటి చూపించండి. ముక్కలు నమిలేటప్పుడు మంచి తుపాకి, ఇప్పుడు దెయ్యం తుపాకి.

అది ఎట్లాంటి తుపాకి అనుకున్నారు? మా తాత నాటిది, ఒంటి గొట్టం, వెనకనుంచి తూటా పెట్టేది, చెంప ఆనేచోట కట్టె అరిగి అద్దమైపోయింది. మా నాయన దానికి కొబ్బరినూనె పూసినాకనే తన తలకు పూసుకునేవాడు, మా యమ్మ, నన్నెందుకు చేసుకున్నావు, దానికే తాళి కట్టకపోయినావా అని ఎత్తిపొడిచేది. వానకు తడిసినా పేలేది. శెనక్కాయ చేన్లో పంది అడుగుపెడితే ఒకటే తూటా, ఆ పంది మళ్లీ లేచింది లేదు.

దసరాకు మా ఇంట్లో ఒక పద్ధతుంది. కొడవలి, గొడ్డలితో పాటు తుపాకికి బొట్లు పెట్టి పూజలో పడుకోబెట్టి, నిమ్మపిందెను పసుపుగుడ్డలో చుట్టి ఇనుప చువ్వతో గొట్టం లోపలికంటా కూరేవాళ్లు. తుపాకి నిద్రపోతాంది, లేపగూడదు అని. జమ్మికి పోయొచ్చినాక మా నాయనే ఆ పిందె తీసి లేపాల. బయటికేమీ కనపడదు, మా ఇంటోళ్లకు తప్ప ఎవరికీ తెలీదు.

ఒక యేడు ఆ పండగ పూటే గిడ్డయ్య చేన్లో పందులు పడినాయి. గిడ్డయ్య, వాని తమ్ముడు ఈ మద్దిలేటి, ఇద్దరూ వచ్చి తుపాకి అడిగినారు. మా నాయన, జమ్మికి పోయొచ్చి నేనే వస్తాలేరా, అందాకా డప్పు కొట్టుకోండి అన్నాడు. మేమంతా పోయినాము, ఇల్లు ఒట్టిది, మద్దిలేటి లోపలికి దూరి గూట్లోంచి తూటా, పూజలోంచి తుపాకి తీసినాడు, తీసి అన్న చేతికిచ్చినాడు, గిడ్డయ్య ఆ చింతమాను కింద నిలబడి పేల్చినాడు, గొట్టం చీలిపోయి మనిషి ఆడికాడే పోయినాడు.

మరి పంచాయితీలో మద్దిలేటి ఏమన్నాడు? ఓబన్నే ఇచ్చినాడు, ముసలి తుపాకి, పగిలిపోయింది అన్నాడు. బొట్లన్నా ఆరలేదు గదయ్యా, పూజలో ఉన్నదాన్ని నేనెట్లా ఇస్తాను అని మా నాయన అడిగినాడు. పెద్దమనుషులు ఒక్కరూ వినలేదు. ఆ తుపాకిని ఆయన చేతులతోనే బాయిలో వేయించినారు. ఆ పొద్దు నుంచి చచ్చేదాకా మా నాయన చేతులు యాడ పెట్టుకోవాలో తెలీనట్టు కూర్చునేవాడు.

ఆ యేడే మా మేనత్త మేక కోసం ఎతుక్కుంటా దీపాలు పెట్టే వేళకు బాయికాడికి పోయింది. గట్టుమీద గిడ్డయ్య కూర్చోనుండాడు, ఒళ్లో తుపాకి, ఎండుపుల్లతో గొట్టంలో గీరుతాండాడు. సుంకులక్కా, చువ్వ తెచ్చినావా, లోపల పిందె ఇరుక్కునింది, రావడంల్యా అన్నాడంట. మద్దిలేటి పూజలోంచి తీసిచ్చినాడక్కా, ఓబన్నకు తెలీకుండా పెట్టేద్దామనుకున్యాం, పిందె సంగతి మాకెవురు చెప్పినారు అన్నాడంట. మా మేనత్త భయపడిందనుకుంటారేమో. జమ్మికి పోయొచ్చిందాకా ఆగుంటే మా ఓబన్నే పిందె తీసేవాడు గదరా అనింది, అని మేకను తోలుకొని ఇంటికొచ్చింది.

చచ్చినోడు నిజం చెప్తాండాడు, బతికినోడే చెప్పడు. మీరు మాత్రం ఆ బాయికాడికి పోవద్దండి. పోవాల్సొస్తే చువ్వ ఎత్తుకొని పోండి, పాపం వాడు అడుగుతాడు.

ఇంగ నువ్వు, ఎర్రన్నా. మీ మామకు ఊపిరి ఉండగానే నలుగురి ముందర కూర్చోబెట్టి ఒక్క మాట అనిపించు నాయనా. తుపాకి ఓబన్న ఇయ్యలేదు, నేనే తీసినా అని.