సీసాలో లేని నీళ్ళు

కటక్‌లో వైశాఖపు మధ్యాహ్నం. గుండె నీరసించి ఆస్పత్రి నుంచి వచ్చిన మామ మూడు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఆ గది గడపలోనే అత్త కుంతల, కోడలు శుభ్రలత.

“వడియాలు వేయించలేదంటే వేయించలేదు! ఎన్నిసార్లు చెప్పించుకుంటావు బోహూ?”

“మరి అప్పడం?”

“అప్పడాల డబ్బా నువ్వే అటకెక్కించావు కదా. నేనేం పిల్లినా, ఎగిరి దూకడానికి?”

“కోప్పడకండి మా. మూడు రోజులు నోట్లోకి పోయిన ప్రతిదీ ఈ కాగితంలో రాయమంది డైటీషియన్. రేపు పొద్దున్నే చూపించాలి.”

“రాసుకో. రెండు రొట్టెలు. ఉప్పులేని పప్పు. ఉడకేసిన సొరకాయ. నీళ్ళు ఆ గీతల సీసాలోంచే. డాక్టరు చెప్పిన లీటరు దాటలేదు. నేనే కాపలా.”

“అలాగైతే మూడు రోజుల్లో రెండున్నర కిలోలు ఎలా పెరిగారు? పాదం మీద వేలు పెడితే గుంట పడుతోంది. నిన్నటి నుంచి నడుం వాల్చలేక కూర్చునే నిద్రపోతున్నారు. పోయినసారీ ఇలాగే మొదలై...”

“ఆ మాట ఎత్తకు.”

“ఎత్తకపోతే తగ్గుతుందా? ఊపిరితిత్తుల్లో మళ్ళీ నీరు నిండితే ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. మా... మీరు పదే పదే కొంగుతో మొహం తుడుచుకుంటారేం?”

“ఎండకి.”

“ఎండకి బాపాకి ఏమిచ్చారు?”

“ఏమిస్తాను... రాత్రి అన్నంలో నీళ్ళు పోసి నానేసిన పఖాళ ఉంది కదా.”

“పఖాళా!”

“అన్నం కాదు బోహూ, మెతుకు కూడా వేయలేదు. పైన తేరిన తేట, తొరాణి ఒక్కటే. ఆయన కంచు గిన్నెతో. గుండె చల్లబడుతుందని.”

“ఉప్పు?”

“చిటికెడు... ఉప్పు లేకుండా తొరాణి ఎవరు తాగుతారు?”

“రోజుకెన్ని గిన్నెలు?”

“మధ్యాహ్నం రెండు. సాయంత్రం ఒకటి.”

“అయ్యో మా! అవి నీళ్ళు కావా?”

“నీళ్ళెలా అవుతాయి? అన్నంలోవి కదా. సీసాలోవి కావు కదా...”

“మూడు గిన్నెలంటే ఇంకో లీటరు!”

“జగన్నాథా! కాపలా కాసి కాసి, నా చేత్తో నేనే పోశానా?”

“మీ అత్తనేమీ అనకు శుభ్రా. నాకు తెలుసు.”

“తెలిసే తాగారా బాపా?”

“ముప్పై ఏళ్ళు కాలవ ఆఫీసులో నీటిమట్టాలు రాసినవాణ్ణి. తొరాణి నీళ్ళేనని తెలీదా?”

“మరెందుకు? చావాలనా?”

“చావంటే నాకు చచ్చేంత భయం తల్లీ. కన్ను మూస్తే చాలు, నూతిలోకి దిగిపోతున్నట్టుంటుంది.”

“మరి?”

“పెళ్ళైన నాటి నుంచీ మీ అత్త తినేది నా తర్వాత, నా కంచంలో. ఈ చప్పిడి కూడు రెండు ముద్దలు తిని తోసేస్తే, తనూ రెండు ముద్దలకే లేచిపోతోంది. గిన్నె ఖాళీ చేస్తేనే తృప్తిగా కూర్చుని తింటోంది. ఏం, అబద్ధమా, మానస్ వాళ్ళమ్మా?”

“...మీరు తినకపోతే నాకు దిగదు.”

“మీ అత్త చేతి శంఖు గాజులు చూడు శుభ్రా, మోచేతి దాకా జారుతున్నాయి.”

“ముందు డాక్టరుకి ఫోన్ చేస్తాను బాపా. రేపటిదాకా ఆగేది లేదు.”

“చెయ్యి. మూడు గిన్నెలూ కాగితంలో రాయి. మీ ఆయన మానస్‌నీ పిలువు... వచ్చావా నాన్నా, కూర్చో. అందరూ వినండి. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో మీ అమ్మే ముందు తింటుంది. ఆమె తిని చెయ్యి కడుక్కున్నాకే నాకు కంచం పెట్టండి.”