ఫ్రీసన్ పద్ధతి

అరవైమంది కూర్చున్నారు లోపల. అంతమందిలో ఆ ఒక్క పిల్లకే నోరు లేవాలా, ఆర్లో? కాఫీ విరామానికి ఇంకా పావుగంట ఉంది. నేనే తొందరపడి లేపేశాను అందర్నీ. ఏం చెయ్యను మరి! "ఫ్రీసన్ గారూ, వీడియోలో ఆ రైతు ఏదో పొడి అంటుకుంటోంది అన్నాడు కదండీ, ఆ పొడేమిటి?" అంది.

కూర్చో, కూర్చో. ఆ కుర్చీ ఇటు లాక్కో. నాకొద్దు కాఫీ, నువ్వు తాగు. మా ఆవిడ లవెటా జ్వీబాక్ రొట్టెలు పంపింది, సంచిలో ఉన్నాయి. తినవా? సరే.

వీడేంట్రా నన్నిలా నడవలోకి ఈడ్చుకొచ్చాడు అని చూస్తున్నావు కదూ? చూస్తున్నావనే అనుకుంటున్నాను.

పది నిమిషాల్లో కెండ్రా మేడమ్ తలుపు తీసి పిలుస్తుంది. రాష్ట్రంలో మా వ్యవసాయ విస్తరణాధికారులందరి శిక్షణా ఆవిడ చేతుల్లోనే ఉంది. పిలవగానే నువ్వు లేచి మైకు పట్టుకుని, "ఇన్నేళ్ళలో మా విల్బర్ట్ ఫ్రీసన్ ఒక్కడే నా పొలంలో నాకేం కనిపిస్తోందో నన్నడిగాడు" అంటావు. నువ్వు ఆవిడకి ఉత్తరంలో రాసిందే కదా! అది చదివి ఆవిడ కళ్ళు తుడుచుకుందట. నాకు జ్ఞాపిక ఇచ్చారు, పద్ధతికి నా పేరే పెట్టేశారు.

ఫ్రీసన్ పద్ధతి! వినడానికి ఎంత బాగుందో చూడు. అధికారి ఆకు తెంపి తను చూడకూడదు, రైతు చేతికివ్వాలి. "ఏం కనిపిస్తోందో చెప్పండి" అనాలి. నోరు మూసుకుని వినాలి. ఈ నాలుగు ముక్కలూ కార్డుల మీద అచ్చువేసి, ప్లాస్టిక్ తొడిగి, ఒక్కొక్కరి మెడలో తగిలించారు. పోయిన నెల శిక్షణలో ఒకరికి రైతు వేషం, ఒకరికి అధికారి వేషం ఇచ్చి ఆడించాం. ఒకావిడ ఆకు చూస్తూనే తెగులు పోల్చేసిందట. అయినా పెదవి కొరుక్కుని ఏడు ప్రశ్నలడిగింది. పూర్తి మార్కులు వేశాను. కళ్ళున్నవాళ్ళకి చూడొద్దని నేర్పుతున్నానురా!

నవ్వకు. లేదులే, నవ్వు. నవ్వేదేదో ఇప్పుడే నవ్వెయ్యి.

గుడిలో పాటల వరసలో నా పక్కనే కదా నిలబడతావు. ఈస్టర్‌నాడు నేను పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని పొట్ట పట్టుకుని నవ్వావు. "వీడికి పాటలన్నీ కంఠతా, పుస్తకం ఊరికే అలంకారం" అన్నావు అందరితో. ప్రభువుకి స్తోత్రం, కంఠతా వచ్చు కాబట్టి ఆ రోజు గట్టెక్కాను.

ఆర్లో, నాకు చూపు పోయింది.

పూర్తిగా కాదు. దేన్ని నేరుగా చూస్తే దాని నడిమధ్య బూడిదరంగు పొగ. అంచుల్లో మాత్రం లోకం ఉంటుంది. నాలుగేళ్ళయింది. ఇక తిరిగిరాదని విచిటాలో డాక్టరు చెప్పేశాడు. లవెటాకి తెలుసు, దేవుడికి తెలుసు. ఆకు చేతిలోకి తీసుకుంటానా, ఆకు తప్ప అన్నీ కనిపిస్తాయి. అందుకని రైతుల్ని అడగడం మొదలుపెట్టాను. అంతే! పద్ధతీ లేదు, పాడూ లేదు.

మేడమ్ ఒకసారి నా వెంట పొలాలకి వచ్చి, నా వాలకం చూసి, "ఇంత వినయం నేనెక్కడా చూడలేదు" అంది. వినయమట! అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చుట్టూ అంతమంది తలలూపుతున్నారు. నా జబ్బు నీకు తెలీదా? పొలం గట్టు మీద నలభైమంది నా మాట వింటూ నిలబడితే నాకు ఆకలీ దప్పికా ఉండవు.

"ప్రభువా, నన్ను దీని మీంచి దింపు" అని ఎన్ని ఉదయాలు మోకరించి వేడుకున్నానో. ఆయన చెయ్యి అందిస్తూనే ఉన్నాడు. నేనే దిగలేదు.

సరే. నీ పడమటి చేను సంగతి.

నిరుడు మే నెల. గోధుమకి కంకి ముందొచ్చే చివరాకు, పోటాకు వచ్చిన రోజులు. ఈ వీడియో తియ్యడానికి మేడమ్ కెమెరా మనిషిని వెంటబెట్టుకొచ్చింది. నువ్వేమో గుడికి వేసుకొచ్చే చొక్కా వేసుకుని దిగావు. ఆకు నీ చేతిలో పెట్టి అడిగాను. "పసుపు గీతలు" అన్నావు. "వానలకి ఎరువు కొట్టుకుపోయిందిలే" అన్నాను. బొటనవేలితో రుద్ది, "ఏదో పొడి అంటుకుంటోంది విల్బర్ట్" అన్నావు. "కంకర రోడ్డు దుమ్మురా. రెండు వారాలు చూస్తుండు" అన్నాను.

దుమ్ము కాదు. పసుపు తుప్పు తెగులు. అప్పటికే వచ్చేసింది. ఆ వారంలో మందు కొట్టి ఉంటే చేను నిలిచేది. నేను ఆగమన్నాను, నువ్వు ఆగావు. కోతలకి అన్నీ తాలు గింజలే.

ఏయ్, కూర్చో. కూర్చో ఆర్లో, అయిపోలేదు.

నువ్వేమనుకున్నావు? తెగులు ఆ తరవాత వచ్చిందనీ, విల్బర్ట్ చూస్తుండమన్నా నువ్వే పోల్చుకోలేకపోయావనీ అనుకున్నావు. "నా కళ్ళకి ఇక పొలం అందడం లేదు" అని ఊరంతా చెప్పుకున్నావు. ఈసారి కోతలవగానే ఆ చేను డర్క్సన్ వాళ్ళకి కౌలుకిచ్చేస్తానని, సోమవారమే సంతకమని మొన్న ఆదివారం గుడి మెట్ల మీద నువ్వు చెబుతుంటే, నేను పక్కనే నిలబడి ఏమన్నాను? "ఆలోచించుకోరా" అన్నాను. ఇరవైతొమ్మిదేళ్ళు నౌకరీ చేసి నేనివ్వగలిగిన సలహా అదీ!

పెట్టకు. ఆ సంతకం పెట్టకు. నీ కళ్ళు నిక్షేపంగా చూశాయి. గీతలన్నావు, పొడన్నావు. ఉన్నది ఉన్నట్టు చెప్పావు. చలికాలమంతా ఊరూరా ఆ వీడియో వేశాం. నేనెంత ఓపిగ్గా వింటున్నానో అందరూ చూశారుగానీ, నువ్వన్న మాట ఒక్కరూ వినలేదు. ఇవాళ ఆ పిల్ల వింది.

ఇంకొకటుంది. ఇది లవెటాకి కూడా చెప్పలేదు.

ఆ రోజు నా జేబులో భూతద్దం ఉంది. ఆకుని కంటి కొసకి తెచ్చుకుని, మెడ వంకరగా తిప్పి, అద్దం ఆనిస్తే నాకు గీతలు కనిపిస్తాయి. పొడి కూడా. ఒక్క నిమిషం పని. చెయ్యి జేబులోకి వెళ్ళింది. కెమెరా తిరుగుతోంది. మెడ తిప్పి కోడిలా చూస్తుంటే వీళ్ళంతా ఏమనుకుంటారో అనిపించింది. ఖాళీ చెయ్యి బయటికి తీసి నీ భుజం మీద వేశాను. వీడియోలో అందరికీ తెగ నచ్చేది అదే, భుజం మీద ఆ చెయ్యి.

కళ్ళ సంగతి దేవుడికి వదిలేశాను. ఆ చెయ్యి మాత్రం నాదిరా.

అదిగో, తలుపు. వస్తున్నామమ్మా, ఒక్క నిమిషం!

ఏదో ఒకటి అనరా. నీ ముఖం వైపు చూస్తే నాకు పొగ తప్ప ఏమీ లేదు. తిట్టు. లోపలికెళ్ళి మైకులో తిట్టినా సరే, అదే మంచిది. ఆ పిల్లకి నేనే లేచి నిజం చెబుతానని నీకు మాటివ్వాలనుంది. ఇవ్వలేను. అరవైమంది ఒక్కసారి చప్పట్లు కొట్టారంటే నా నోట్లోంచి ఏం వస్తుందో నాకే తెలీదు. అందుకే ముందు నీకు చెప్పేశాను.

నేను పారిపోతానని మాత్రం అనుకోకు. కారు నడపడం మానేసి మూడేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పుకుంటున్నాను కదూ? నా మోకాళ్ళకేం, గుర్రంలా ఉన్నాయి. నన్ను తీసుకెళ్ళడానికి లవెటా నాలుగింటికి గానీ రాదు.