ఫంక్షన్‌లో ఉన్నదంతా పంపితే

అన్నీ పంపేశావా? ఒక్కటి కూడా మిగల్చకుండా? నీ మొహానికి ఇంతకన్నా ఏం వస్తుందిలే!

లోకల్స్ అట! ఆ ఒక్క మాట రాస్తే చాలు, కోడ్‌లో ఆ ఫంక్షన్ తెచ్చిపెట్టుకున్న వేరియబుల్స్, అంటే వివరాలన్నీ, పేజీని చూపించే టెంప్లేట్‌కి వెళ్లిపోతాయట. ఎంత తెలివిరా తమ్ముడూ! పేజీకి కావాల్సింది మూడే. మనిషి పేరు, ఇంటి అడ్రసు, మన జవాబు. ఆ మూడూ విడిగా రాయడానికి చేతులు నొప్పెట్టాయా? చెత్త పారబొయ్యమంటే బీరువాలో నగలు కూడా వీధిలో పారబోసే రకం నువ్వు.

నవ్వకు. సారు తన గది అద్దంలోంచి ఇటే చూస్తున్నారు.

అద్దెకి అడిగిన ప్రతివాళ్ల గురించీ ఇంటి ఓనర్లు మన సైట్‌లో చాటుగా ఒక ముక్క రాస్తారు. దాన్ని తెచ్చి 'రీజన్' అని పేరు పెట్టావు. ఇంకో పేరే దొరకలేదు మహానుభావుడికి! నా టెంప్లేట్‌లో ఏముంది? రీజన్ అనేది వస్తే జవాబు కింద చూపించు అని ఉంది. కాగితాలు తక్కువైనవాళ్లకి చెప్పడానికి పెట్టాను. నువ్వు పంపావు, అది చూపించింది. దానికేం తెలుసు పాపం?

ఇల్లడిగిన ఆ నర్సు తన పేజీ చూసి ఫోన్ చేసి అరిచిందంటే అరవదూ? పైనేమో "క్షమించండి, ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేశాం" అని ఎంతో మర్యాద. కిందేమో "మొగుణ్ణి వదిలేసిన మనిషి, మనకొద్దు."

సారీ చెబుతావా? ఏమని? పొరపాటున నిజం బయటపడింది, మన్నించండి అనా?

లే, కుర్చీ ఇలా ఇవ్వు. సాయంత్రంలోగా సరిచెయ్యకపోతే నీ ఉద్యోగం ఊడుతుందని సారు అననే అన్నారు. అది ఊడితే మీ ఆవిడ ఇంట్లోంచి మొదట గెంటేది ఈ అక్కనే.

చూసి నేర్చుకో. పేరు. అడ్రసు. జవాబు.

ఏంటి, ఎందుకాగానా? ఏం లేదురా. మొగుణ్ణి వదిలి వచ్చిన కొత్తలో నేనూ ఇల్లు వెతికాను కదా. మన సైట్‌లోనే. ఎన్నింటికి పెట్టుకున్నా ఇదే జవాబు. వేరేవాళ్లకి ఇచ్చేశాం. ఇళ్లకి మరీ ఇంత గిరాకీ ఉందా అనుకుని నీ ఇంట్లో చేరాను. ఆ వాక్యం రాసింది నేనేరా! నేనే రాసి, నేనే నమ్మాను. సిగ్గులేకపోతే సరి.

సరే, అయిపోయింది. ఇంక ఏ ముక్కా బయటికి రాదు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు, పో. ఆ నర్సుకి ఫోన్ చేసి, సైట్‌లో ఏదో తప్పు దొర్లిందమ్మా, ఇల్లు నిజంగానే వేరేవాళ్లకి ఇచ్చేశాం అని చెప్పు.

నమ్మదా? నమ్మకపోతే మాత్రం ఏం చేస్తుందిలే. ఆవిడకీ ఓ తమ్ముడు ఉండే ఉంటాడు.