అడిగితేనే ముద్ద

ఏందిరా భువనేశా, అట్ట నిలబడుకోని నా మొగం చూస్తా ఉండావు. కూర్చో. ఆ ఫ్యాను కింద వద్దు, అది ఎప్పుడు ఆగుతాదో దానికే తెలీదు, ఈ పక్కకి రా. ఇప్పుడు చెప్పు. ఊఁ. ఊఁ. ఓహో, అదా సంగతి. నీ పెండ్లాం ఏరికి, ఆ చెరువు కాడికి, రానంటా ఉందా. తెలుగులో అడిగితేనే మనోళ్ళు ముద్ద పెడతారని ఎవురు చెప్పినారు ఆ పిల్లకి? మీ చెల్లెలు అనుప్రియా? దానికి నోరు ఊరుకోదు గదా. పాపం కొత్తగా వచ్చిన పిల్ల, కడలూరు అరవ పిల్ల, తెలుగు ఒక ముక్క రాదు, దాన్ని పట్టుకోని బెదిరించి పెట్టింది. ఎల్లుండి తెల్లారి అందురూ వ్యానెక్కాల, మన అణ్ణామలై వ్యానుకి బాడుగ కూడా మాట్లాడేసినాడు, ఇప్పుడొచ్చి తాతా ఏం చేసేది అంటావు. మీ అమ్మని అడగకూడదా? ముద్ద పెట్టేది ఆమె గదా. భయమా? నిజమేలే, మీ అమ్మంటే నాకూ భయమే. మొన్న డాక్టరు కాఫీ తాగొద్దని చెప్పినాడో లేదో, నా లోటా యాడ దాచిపెట్టిందో ఈ రోజుకీ దొరకలా. సరే, మీ అవ్వ సంగతి చెప్తా విను. ఆమె సంగతి వింటే మీ అమ్మ సంగతి నీకే తెలుస్తాది.

ఆ రూలు పెట్టింది మీ అవ్వ, చెంగమ్మ. నాకు వదిన. మీ నాయన శ్యామ్‌సుందర్ కడుపులో ఉండంగానే మా అన్న పోయినాడు, ఇంక ఆ ఇంటికి ఆడదీ ఆమే, మొగోడూ ఆమే. మురుంగపాక్కంలో మన ఇంటి దగ్గర్నుంచి ఆమె కేక వేస్తే ఆ పక్క నదికీ ఈ పక్క మెయిన్ రోడ్డుకీ వినపడతాది. మే నెలలో కత్తిరి ఎండలు వస్తే చాలు, అందుర్నీ పోగు చేసి బాహూరు ఏరి గట్టుకి తోలుకోని పోతాది. కిరుమాంబాక్కం దాటినాక ఆ మామిడితోపు అప్పుడు మనదే. తోపులో ఒక పూరి కొట్టాయి, అదే పాక, నీళ్ళకి బావి, ఎదురుగా ఏరి. కూతుర్లు, అల్లుండ్లు, చెల్లెండ్లు, వాళ్ళ బిడ్డలు, నేను, మీ చిన్నవ్వ, అందురూ ఆడే తిండి, ఆడే పడక. మొగోళ్ళు గట్టు మీద పేకాట, ఆడోళ్ళు ఊరగాయ ముక్కలు కోసేది, పిల్లకాయలు నీళ్ళల్లోనే నానేది. ఆ రుమానీ మామిడి పండ్లు ఇప్పుడు యాడ దొరుకుతాయిరా, దొరికినా ఆ వాసన లేదు. ఏం చెప్తా ఉన్నా? ఆఁ, ముద్ద. మధ్యాన్నం అయితే మీ అవ్వ చెట్టు కింద చాపేసుకోని కూర్చుంటాది. ముందర ఇంత పెద్ద ఇత్తడి బేసిను. దాంట్లో కుండెడు అన్నం వార్చి పోసి, వంకాయ మామిడికాయ పులుసు పోసి, నూనె పోసి, మోచేతిదాకా పెట్టి కలుపుతాది. మేమంతా చుట్టూ కూర్చుంటాం. ఒక్కొక్కురు చెయ్యి చాచి 'ముద్ద పెట్టు' అని అడగాల. తెలుగులో అడగాల. అడిగితే చేతిలో పడతాది. గట్టెక్కినాక ఎవురి నోట్లోనన్నా అరవం వినపడిందా, ఆ పూట వాళ్ళకి ముద్ద లేదు, పోయి ఆకేసుకోని వాళ్ళే పెట్టుకోని తినాల.

నవ్వతావు గానీ, అందుర్నీ అంతే. లోకనాథన్ మామ తెలుసునా నీకు, ఫ్రెంచోళ్ళ పట్టాళంలో పనిచేసి వచ్చినాడే, మీసాలు ఇట్ట మెలేసి. ఆయన ఎగతాళికి ఒకసారి ఫ్రెంచిలో అడిగినాడు. మీ అవ్వ తల కూడా ఎత్తలా. 'పోయి మీ దొరల్ని అడుగు' అనింది, పక్కోడి చేతిలో ముద్ద పెట్టింది. ఆ రోజు మామ మామిడి పండ్లు తిని పండుకున్నాడు. నేను ఒకసారి అడిగినా. ఎందుకొదినా ఇంత పట్టుదల, బజార్లో అరవం, బడిలో అరవం, బిడ్డలు ఏం చేస్తారు అని. అప్పుడు చెప్పింది. 'గోవిందసామీ, మనకి చదివే అక్షరం ఒకటీ లేదు. నీకొచ్చా? నాకొచ్చా? మా నాయనకొచ్చా? మనది నోట్లో ఉండేదే. నోట్లో లేకపోతే ఇంక యాడుంటాది చెప్పు' అనింది. ఈ రోజుకీ నాకు తెలుగు బోర్డు చూపిస్తే అది ఇంటి పేరో ఈగల మందు పేరో తెలీదు.

ఇంక మీ అమ్మ పెండ్లి సంగతి. విలుప్పురం సంబంధం. మనోళ్ళే, ఇంటిపేర్లు చూసుకున్నాం, అంతా సరి. పెండ్లిచూపులకి నేనూ పోయినా. మీ అమ్మ నాయన భక్తవత్సలం ఉండాడే, ఆయన మీ అవ్వతో గంటసేపు తెలుగులోనే మాట్లాడినాడు, తోటలంటా, పంటలంటా. మీ అవ్వకి కడుపు నిండిపోయింది. పిల్ల తల వంచుకోని కూర్చుంది, ఒక మాట లేదు. మీ అవ్వ నా చెవులో 'ఎంత అణకువో చూడు' అనింది. అణకువా మట్టా. ఆ ఇంట్లో తెలుగు వచ్చేది ఆ ముసిలాయనకి ఒక్కడికే. మిగతా ఇల్లంతా అరవం. పెండ్లై వచ్చిన మర్నాడు మీ అవ్వ 'నీళ్ళు తేమ్మా' అంటే ఈమె తెల్లమొగం వేసుకోని నిలబడింది. మీ అవ్వ చెంబు కింద పెట్టేసి నా దగ్గరికి వచ్చింది. 'మోసపోయినా గోవిందసామీ' అనింది. పిల్లది ఏం తప్పుందిరా దాంట్లో? పెండ్లిచూపుల్లో ఏ ఆడపిల్ల నోరు తెరిచింది అప్పట్లో. అడిగేది మనం అడగాల గదా. మనోళ్ళు గదా, తెలుగు రాకుండా ఎట్టుంటాది అనుకున్నాం. అట్ట అనుకునేది మన జనమే.

మొదటి ఏడు ఏరికి వచ్చినప్పుడు మీ అమ్మ చెయ్యి చాచి అడిగింది కూడా. మీ నాయన నేర్పించినాడు ముందు రోజంతా. నోరు తిరగలా పాపం, ఏందో ఒకటి అనింది. గట్టు మీద కూర్చున్నోళ్ళంతా పడీ పడీ నవ్వినారు. మీ అవ్వ నవ్వలా, ఆ మాట చెప్పాల. కానీ మీ అమ్మ చెయ్యి వెనక్కి తీసుకునింది. అంతే, ఆ మీదట చాచలా. ఏటేటా వస్తాది, అంట్లు తోమతాది, అందరి గుడ్డలూ ఉతుకుతాది, ముద్దల యాళకి లేచి పోయి కొట్టాయి అరుగు మీద తనే ఆకేసుకోని తింటాది. ఏరి కాడ ఉన్నన్నాళ్ళూ నోరు తెరవదు, అరవమూ లేదు, తెలుగూ లేదు. మేము చెప్పి చూసినాం వదినకి. 'నేనేం పెట్టనన్నానా? అడగనీ. అడిగితే పెడతా' అంటాది. ఈమెకి చెప్తే తల అట్ట తిప్పుకుంటాది. ఇద్దరూ ఇద్దరే. మధ్యలో మీ నాయన, ఆయన సంగతి తెలుసు గదా, ఎవురన్నా గట్టిగా మాట్లాడితే సైకిలెక్కి వీరాంపట్టినం పోయి సముద్రాన్ని చూస్తా కూర్చునే మనిషి.

ఇంక ఆ ఏడు. నీకు నాలుగేండ్లు ఉంటాయి. బయల్దేరే ముందే మీ అమ్మ మీ నాయనకి తెగేసి చెప్పింది, ఇదే కడాకడ అని. వచ్చే ఏడు నేను రాను, బిడ్డనీ పంపించను, ఆ గట్టు మీద నా బిడ్డ ముందర నేను వేరే ఆకులో తిననని. బిడ్డ అంతా చూస్తా ఉండాడు, అమ్మకెందుకు పెట్టరు అని అడుగుతా ఉండాడు అనింది. ఆ మాట మీ నాయన నాతో చెప్పి ఏడ్చినాడు. నేను పోయి వదినకి చెప్పినా. ఆమె తమలపాకు ఈనె తీస్తా తీస్తా చేతిలో ఆకంతా చింపేసింది.

ఆ ఏడు వానలు సరిగా లేవు. నీళ్ళు ఏరి నడుమకి పోయినాయి. ఈ పక్కంతా పైన అప్పడం మాదిరి ఎండి పగుళ్ళు, కింద బురద. పెద్దోళ్ళు కాలు పెట్టరు, పిల్లకాయలకి ఏం తెలుసు. అవతల గట్టున చేపలు పట్టే అరవోళ్ళు, అళగేశనూ వాళ్ళ మనుషులూ, నడుం లోతు నీళ్ళల్లో వలలేస్తా ఉండారు. నువ్వు ఆ కొంగల్ని చూసి పరిగెత్తినావు. ఎవురూ చూడలా. మీ అవ్వ ఒక్కతే అన్నం కలుపుతా ఉండె, తలెత్తి చూసింది, నువ్వు నడుందాకా దిగిపోయి ఉండావు. అప్పుడు ఆమె అరిచిన అరుపు, నేను చచ్చేదాకా మర్చిపోను. 'ఓడి వాంగ, పుళ్ళె ముళుగుదు' అని. పరిగెత్తుకు రండి, బిడ్డ మునిగిపోతా ఉండాడు అని, అరవంలో. గట్టెక్కినాక ఆమె నోట్లో అరవం వినింది అదే మొదలు. మేం లేచేలోపల మీ అమ్మ బురదలోకి దూకేసింది. దూకి, బోర్లా పండుకోని, పాక్కుంటా పోయి నీ రెండు చేతులూ పట్టుకునింది. ఆమె కూడా దిగిపోతా ఉంది, కానీ చెయ్యి వదల్లా. అళగేశను పరిగెత్తుకోని వచ్చి వల విసిరినాడు, మేమంతా పట్టి లాగినాం. నిన్ను బయటికి తీసినప్పుడు ఒక చెప్పు లేదు, నోటి నిండా బురద, ఏడ్చేదానికి కూడా రాలా నీకు. మీ అమ్మ నీ వీపు మీద కొట్టింది చూడు, అప్పుడొచ్చింది ఏడుపు. అందరం ఏడ్చినాం. నాకు ఇప్పుడు కూడా, ఉండు... ఆ తుండుగుడ్డ ఇట్ట ఇయ్యి.

నిన్ను బావి కాడ కడిగి, గుడ్డలు మార్చి, అంతా అయినాక ఆకలి గుర్తొచ్చింది. పోయి చూస్తే మీ అవ్వ బేసిను కాడ లేదు. అంత దూరంగా పోయి గట్టు మీద కూర్చోనుంది. చేతికి పులుసు ఎండిపోయి అట్టనే ఉంది. రా వదినా, ముద్దలు పెట్టు అన్నా. 'నేను పెట్టను. నాకూ ఈ పూట లేదు. రూలు రూలే' అనింది. అదేందొదినా, అవతలి గట్టు వాళ్ళకి అర్థం కావాలని అరిచినావు, వాళ్ళొచ్చి కాపాడినారు, మంచిదే గదా అన్నా. అబద్ధం చెప్పేసుంటే అయిపోయేది గదరా, సరే అనేసుంటే. మీ అవ్వ అనలా. 'నేను అళగేశన్ని చూడనే లేదు గోవిందసామీ. బిడ్డ మునుగుతా ఉంటే నా నోట్లో అదే వచ్చింది. అంత లోపల అదే ఉండాది' అనింది. ఆ మాటంటా ఉంటే ఆమె మొగం నేను చూడలేకపోయినా. నలభై ఏండ్లు అందర్నీ కొట్టి తిట్టి నిలబెట్టిన మనిషి, తన నోరే తన మాట వినలేదని కూర్చోనుంది. లోకనాథన్ మామ పిలిచినాడు, మీ నాయన కాళ్ళు పట్టుకున్నాడు. కదల్లా.

అప్పుడు మీ అమ్మ నిన్ను తీసి మీ నాయన చేతిలో పెట్టింది. జుట్టులో బురద అట్టనే ఉంది. చెయ్యి మాత్రం కడుక్కోని పోయి ఆ చాప మీద కూర్చుంది. ఆ చాప మీద మీ అవ్వ తప్ప ఇంకొకురు కూర్చోంగా మేం చూళ్ళేదు. బేసినులో అన్నం మళ్ళీ కలిపింది. ఇంత ముద్ద తీసుకోని లేచి, గట్టు మీదికి పోయి, మీ అవ్వ ముందర నిలబడింది. అందరం చూస్తా ఉండాం. ముద్ద పైన పట్టుకోనే 'అడగండత్తా. అడిగితే పెడతా' అనింది. తెలుగులోరా. మనిద్దరం మాట్లాడుకుంటాం చూడు, ఆ మాదిరి తెలుగు. ఇన్నేండ్లూ ఆ అరుగు మీద కూర్చోని వింటా ఉంది గదా, ఎక్కువగా వినింది ఆ మాటే గదా. ఇంక ఈ పొద్దుతో ఈ ఇల్లు రెండైపోయింది అనుకున్నా. మీ అవ్వ ఆమె మొగం చూసింది. చూసి చూసి, ఆ పులుసు చెయ్యే చాచింది. 'కొంజం సోరు పోడుమ్మా' అనింది. కొంచెం అన్నం పెట్టమ్మా అని. అరవంలో, చిన్న గొంతుతో. మీ అమ్మ పెట్టింది. ఆమె తినింది.

ఆ ఏడు ఐప్పసి నెల వానల్లోనే పోయింది మా వదిన. ఆ మీదట ముద్ద మీ అమ్మదే. ఏ భాషలో అడిగినావని ఆమె ఎవుర్నీ ఎప్పుడూ అనలా, మనోళ్ళే అలవాటు కొద్దీ తెలుగులో అడగతా ఉండారు. కానీ అడక్కుండా మాత్రం ఎవురికీ పెట్టలా, నాకు కూడా.

ఇంకేంది చూస్తావు, పో. పోయి ఆ పిల్లకి ఫోన్ చెయ్యి. ఎల్లుండి పొద్దన ఇడ్లీ గిడ్లీ తిని రావద్దని చెప్పు. ఆకలితో రమ్మను.