వెంకటరావు రిపోర్టు

సువర్ణరేఖ నది ఒడ్డున స్నేహితుడు నీలకంఠాన్ని దహనం చేసి, రిటైరైన ఇంజను డ్రైవరు వెంకటరావు మధ్యాహ్నం రెండింటికి మాంగో అనే పేటలోని ఇంటికి వచ్చాడు. భార్య సూర్యకాంతం వాకిట్లో బకెట్టు వేన్నీళ్లు పెట్టి నిలబడింది.

"...ముందు తల మీంచి పోసుకోండి. తరవాత మాటాడుకుందాం."

"పోసుకుంటాలే. నూకాలమ్మ నా మొహం చూళ్ళేదు సూర్యం. వదినా అని రెండుసార్లు పిలిచేను. మొగుడు పోయేడు కదా, ఏడుత్తాదనుకున్నాను. ఏడవలేదు కూడా. అలాగ గోడకేసే చూసింది."

"పోసుకోండి."

"వాళ్లబ్బాయి హరికిరణ్ అడిగీసేడు. అందరి ముందరా. 'అంకుల్, పాపా కీ దవాయీ కిస్నే బంద్ కరాయీ?' అని. వాళ్ల నాన్న మందులు మానిపించింది ఎవరట!"

"మీరేటన్నారు?"

"ఏటంటాను! నేను మానిపించేనా? నేను మానేసేను, చూసి వాడూ మానేసేడు. గుండెలో స్టెంటున్నోడు డాక్టర్ని అడిగి మానాల గానీ..."

"మీరు డాక్టర్ని అడిగేరా?"

"నా సంగతి వేరు. ఆ కొలెస్ట్రాల్ మాత్రకి కాళ్లు లాగీసేవి. ఈ టోకోట్రైయెనాల్ కాప్సూలు వేసుకున్నాక..."

"నాకా పేరు పలకడం రాదు."

"విటమిన్ ఇ లోనే అదొక రకమే. అందరికీ తెలిసింది కాదు. తవుడు నూనెలో ఉంటాది, పామాయిల్లో ఉంటాది. నరాలకి మంచిది, లివరుకి మంచిది, కొలెస్ట్రాలు తగ్గిత్తాదని చదివేను. ఊరికే నమ్మేనా? మూడు నెల్లు వేసుకుని రక్తం ఇచ్చేను. చెడ్డ కొలెస్ట్రాలు నూట తొంభై ఉన్నది తొంభైకి దిగింది. నువ్వూ చూసేవు కదా రిపోర్టు! కాయితం అబద్ధమాడతాదా?"

"ఆడదు."

"మరి?"

"కాయితం ఆడలేదు. నేనాడేను."

"ఏటి?"

"మీరు మాత్రలు చెత్తబుట్టలో పడేసిన రోజే డాక్టరు దగ్గరికెళ్లేను. కాళ్లు లాగుతున్నాయంటన్నారని చెప్తే వేరే మాత్ర రాసేరు. మీ చేతికిత్తే అదీ విసిరికొడతారని... రోజూ నూరి మజ్జిగలో కలిపి ఇత్తన్నాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"నీళ్లు చల్లారిపోతన్నాయి."

"ఎన్నాళ్ల నుంచే?"

"అప్పట్నుంచీ. నిన్న కూడా ఇచ్చేను."

"అంటే ఆ తొంభై..."

"మీ కాప్సూలు మంచిదే కావచ్చు. దాన్ని నేనేటీ అనను. ఆ తొంభై మాత్రం దానిదని నేన్నమ్మను."

"నమ్మవు! నువ్వు నమ్మవు. ముప్పయ్యెనిమిదేళ్లు నీ చేత్తో ఏటిచ్చినా చూడకుండా తాగేను సూర్యం. ఇందులో ఏటుందని అడిగేనా? ఒక్కనాడైనా అడిగేనా?"

"లేదు."

"ఆ రిపోర్టు జిరాక్సులు తీయించి తెలుగు సమాజంలో అందరికీ పంచేను. నీలకంఠం మన వరండాలోనే కూచుని చదివేడు. నువ్వు టీ ఇచ్చేవు. టీ ఇచ్చి నవ్వేవు కూడా!"

"నవ్వేను."

"'అయితే నేనూ మానేత్తానురా' అని వాడన్నప్పుడు ఇక్కడే ఉన్నావు. అప్పుడైనా ఒక్క మాట... ఒక్క మాట సూర్యం!"

"అంత మంది మీకు చప్పట్లు కొట్టేక, పెళ్లాం మందు కలిపిందట అని నవ్వుతారని... చెప్తే మజ్జిగ కూడా మానేత్తారని. నాకు మీరుండాల."

"నేనుండాల. వాడు పోవాల. అదేనా? నా నోటితోనే వాడికి అబద్ధం చెప్పించేవు. ఇరవై ఏళ్లు ఒకే ఇంజన్లో పక్కపక్కన కూచున్నాం. నా మాట మీద వాడు ఏటైనా చేసీవోడు. అది నీకు తెల్దా?"

"తెలుసు. అందుకే... మీకు చెప్పలేదు గానీ, ఊరుకోనూ లేదు."

"అంటే?"

"ఆయన మానేత్తానన్న మర్నాడు పొద్దున్నే నూకాలమ్మ దగ్గరికెళ్లేను. ఉన్నదున్నట్టు చెప్పేను. మీ ఆయన మందులు నూరొచ్చో లేదో డాక్టర్ని అడుగుదాం, నేనూ వత్తాను, నువ్వూ నాలాగే కలిపియ్యి అన్నాను."

"ఆవిడికి తెలుసా! మరి వాడికి చెప్పలేదేటి?"

"నా గుట్టు బయట పెట్టకని ముందే ఒట్టేయించుకున్నాను. ఆ ఒట్టు తప్పలేదు. మందులు మానొద్దని మాత్రం ఆయన్ని కాళ్లావేళ్లా పడి బతిమాలిందట. వినలేదు."

"పోనీ, కలిపిందా?"

"లేదు."

"ఎందుకని?"

"'కట్టుకున్నోణ్ణి మోసం చెయ్యడానికి నాకు చేతులు రావు సూర్యకాంతం' అంది."